గుమ్మం దగ్గర గౌను

అద్దం అవతల అత్తగారు రెండు చేతులతో గాలిలో గుండ్రంగా ఏదో గీశారు. ఆ గుండ్రటి దాని మీద అరచెయ్యి బోర్లించారు. మూత. ఏదో గిన్నె మూత కనిపించడం లేదన్నమాట. లోపల ఆసుపత్రి మంచం మీద కూర్చున్న కోడలు చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడటం లేదని తల అడ్డంగా ఊపింది. నిజంగానే వినపడటం లేదు. అద్దం మందమైనది, తలుపు చుట్టూ రబ్బరు పట్టీ కూడా ఉంది. అత్తగారు ఇంకాస్త గట్టిగా అరిచినట్టున్నారు, మెడ నరాలు పైకి తేలాయి. చివరికి విసుగొచ్చి, పక్కనున్న కొడుకు వైపు తిరిగి ఏదో అన్నారు. ఆ అన్నది మాత్రం పెదవుల కదలికను బట్టే తెలిసిపోయింది. "దానికి వినపడినా వినపడనట్టే ఉంటుంది." ఇన్నేళ్లుగా వంటింట్లోంచి హాల్లోకీ, హాల్లోంచి వంటింట్లోకీ తిరుగుతున్న మాటే.

విచిత్రం, కోపం రాలేదు. వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది కూడా. రాకపోగా ఆ అద్దం మీద, ఆ రబ్బరు పట్టీ మీద, దాన్ని అంత శ్రద్ధగా బిగించిన ముక్కూ మొహం తెలియని పనివాడి మీద ఎక్కడలేని కృతజ్ఞత పుట్టుకొచ్చింది.

ఆమె ఈ గదికి వచ్చింది పొట్టకోత మానక. ఆడపడుచు కుటుంబమంతా ఇంట్లో దిగి ఉన్న రోజుల్లో కడుపులో నొప్పి మొదలైంది. "కడుపునొప్పి ఎవరికి రాదే, కాసిని మంచినీళ్లు తాగి నడుం వాల్చు, వాళ్లు భోజనాలకి కూర్చునే లోపు తగ్గిపోతుంది" అన్నారు అత్తగారు. ఆ మాటలో తనకిచ్చిన విశ్రాంతి ఎంతసేపో, దానికి గడువు ఎవరి ఆకలో ఆమెకి వెంటనే అర్థమైంది. నడుం వాల్చలేదు. అపెండిక్స్ లోపలే పగిలింది. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ, మానుతున్న గాయం మళ్లీ ఎర్రబడింది, జ్వరం తిరగబెట్టింది. ఒక మందు మార్చారు, ఇంకో మందు మార్చారు. ఏదీ పని చెయ్యలేదు. ఆపరేషన్ చేసిన డాక్టరు ఒకరోజు మంచం పక్కన నిలబడి, చేతి గడియారం సర్దుకుంటూ, "ఇది మీరు ఇంటి నుంచి తెచ్చుకున్నది కాదమ్మా, ఇక్కడ అంటుకున్నదే" అన్నాడు. ఆ మాట ఒప్పుకోవడం ఆయనకి కష్టంగానే ఉన్నట్టుంది. ఆ సాయంత్రమే ఆమెని వార్డులోంచి తీసుకొచ్చి వరండా చివరనున్న ఈ ఒంటరి గదిలో పెట్టారు. మిగతా రోగులకి అంటకూడదు కదా.

ఆమె ఒక భవనాల కంపెనీలో నక్షాలు గీస్తుంది. పడగ్గదులూ హాళ్లూ గీసేది ఆమే అయినా, ఇల్లు కట్టించుకునేవాళ్లు వచ్చినప్పుడు మంచినీళ్లు తెచ్చిపెట్టేదీ ఆమే. "మా అమ్మాయి చెయ్యి చాలా నీటు" అంటాడు యజమాని, నక్షా చూపిస్తూ అంటున్నాడో, ట్రే చూపిస్తూ అంటున్నాడో తేలకుండా. కాబట్టి గదిలోకి రాగానే ఆమె చేసిన మొదటి పని, మంచం మీంచే కొలతలు అంచనా వెయ్యడం. చిన్న గదే. ఒక కిటికీ, ఒక కుర్చీ, మూలన సింకు. తలుపు ఒకటి కాదు, రెండు. రెంటి మధ్యా ఇద్దరు ఒరుసుకుంటూ నిలబడేంత జాగా, గోడకి ఒక కుళాయి, కొక్కేలు, కొక్కేలకి పసుపుపచ్చ గౌన్లు, గ్లౌజుల డబ్బా. లోపలికి ఎవరు రావాలన్నా అక్కడ ఆగాలి. చేతులు కడుక్కోవాలి, గౌను తొడుక్కుని వెనక ముడి వేసుకోవాలి, గ్లౌజులు ఎక్కించుకోవాలి. వెళ్లేటప్పుడు అన్నీ విప్పి పారేసి మళ్లీ చేతులు కడుక్కోవాలి. ఒక్క దూది ఉండ మర్చిపోయి వచ్చినా ఈ తతంగమంతా మొదటి నుంచీ. అందుకని నర్సు ఆ మధ్య జాగాలో నిలబడి, వేళ్లు మడుచుకుంటూ తనలో తాను చెప్పుకునేది: జ్వరం చూడాలి, కట్టు మార్చాలి, మందు పెట్టాలి, దిండు గలీబు. అన్నీ కలిసొచ్చాకే లోపలికి అడుగు.

మొదట్లో ఆమె దీన్ని ఊరికే చూసింది. తర్వాత ఆ దృశ్యం కోసం ఎదురుచూడసాగింది. తన దగ్గరికి రాబోయే ముందు ఒక మనిషి ఆగి, ఈ పనికి నిజంగా వెళ్లాలా అని ఆలోచించడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఇంట్లో ఆమె పేరు పిలవడానికి ఎవరికీ ఏమీ ఖర్చు కాదు. స్నానాల గదిలో ఉన్నా పిలుస్తారు, నిద్రలో ఉన్నా పిలుస్తారు. టవలు కోసం, దువ్వెన కోసం, ఫ్యాను వెయ్యడానికి, వేసిన ఫ్యాను తగ్గించడానికి. "పిల్లాజెల్లా లేరు, నీకేం పని ఉంటుందే" అంటారు అత్తగారు, పిలిచిన ప్రతిసారీ కాకపోయినా, పిలిచినప్పుడు ఆలస్యమైన ప్రతిసారీ.

ఫోను కూడా దగ్గర లేదు. ఆపరేషన్ రోజున భర్త తీసుకెళ్లిపోయాడు. "ఇంటి బిల్లులకి ఓటీపీలన్నీ నీ నంబరుకే వస్తాయి కదోయ్, ఇది లేకపోతే ఇల్లెలా నడుస్తుంది?" అన్నాడు. ఆమె లేకపోతే ఎలా అనలేదు. ఆ రోజు నొప్పిలో కూడా ఆమెకి నవ్వొచ్చింది. ఇప్పుడైతే ఆ ఓటీపీలకి కూడా దండం పెట్టాలనిపించింది.

ఆ గదికి ఇష్టపడి వచ్చేది ఒక్కతే, ప్రయోగశాల డాక్టరమ్మ. నర్సులు ఆవిడ్ని చాటుగా 'క్రిములావిడ' అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. మాస్కు వల్ల మొహం కనపడదు గానీ, కళ్లు మాత్రం ఎప్పుడూ ఏదో ముచ్చట చెప్పబోతున్నట్టు ఉంటాయి.

"మీ క్రిమిని పొద్దున్న చూసొచ్చానండీ. బ్రహ్మాండంగా పెరిగింది" అంది ఆవిడ, ఎవరి పిల్లాడినో చూసొచ్చినట్టు. వెంటనే నాలిక కరుచుకుంది. "సారీ. మాకు అదో జబ్బు."

"అసలు ఇన్ని మందులకి ఎందుకు లొంగడం లేదండీ?" అని అడిగింది ఆమె.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుంది. "దానికి చాలా విద్యలొచ్చు. మందు లోపలికి పోవాలంటే దాని గోడలో సన్నటి సందులుంటాయి. ముందు వాటిని తగ్గించేసుకుంటుంది. అయినా కాస్త దూరిందా, కత్తెర లాంటి పదార్థమొకటి తయారుచేసి మందుని తుంచేస్తుంది. తుంచగా మిగిలిందాన్ని తోడి బయట పోసేందుకు పంపులు పెట్టుకుంటుంది. అదీ దాటుకుని మందు లోపలిదాకా వెళ్లిందనుకోండి, అది ఎక్కడ పట్టుకోవాలో ఆ చోటే ఆకారం మార్చేసుకుంటుంది. తాళం మార్చిన ఇంటి ముందు పాత తాళంచెవితో నిలబడిపోతుంది మన మందు."

"ఇవన్నీ ఎవరు నేర్పారు?"

"కొన్ని ఏదో పొరపాటున పుడతాయి. కొన్ని పక్కవాటి దగ్గర తీసుకుంటుంది. చిన్న ఉంగరం లాంటి ముక్కలో ఈ విద్యలన్నీ రాసి ఉంటాయి. తన జాతి కాకపోయినా సరే, పక్కనున్న క్రిమికి ఒక కాపీ తీసి ఇచ్చేస్తుంది. ఆసుపత్రిలో మందులు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి కదా. లొంగేవన్నీ పోతాయి, లొంగనివాటికి బోలెడంత చోటు దొరుకుతుంది."

"మా ఇంట్లో నేనూ అంతేనండీ" అంది ఆమె, అనుకోకుండా.

"అయ్యో, దాన్ని మనిషిని చెయ్యకండి" అని నవ్వింది డాక్టరమ్మ. "దానికి పంతం లేదు, కోపం లేదు, మీ మీద పగ అసలే లేదు. బతకడం తప్ప పాపం దానికేమీ తెలీదు."

ఆవిడ చెప్పింది నిజమే, దాన్ని మనిషిని చెయ్యకూడదు. కానీ ఆవిడ వెళ్లిపోయాక, మనిషిని క్రిమిలా చూడకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు. సందులు మూసుకోవడం ఆమెకి పెళ్లయిన కొత్తలోనే వచ్చేసింది. భోజనాల దగ్గర మాటలు మొదలవగానే చెవుల వెనక ఏదో తలుపు దానంతటదే పడేది. కత్తెర కూడా ఉంది. "నువ్వు గీసే గీతల మీదే ఆ ఆఫీసు నడుస్తోందా ఏంటి?" అని భర్త నవ్వుతూ అన్నప్పుడు, ఆమె దాన్ని సగానికి తుంచి 'నువ్వు గీసే గీతల మీదే ఆ ఆఫీసు' దాకానే ఉంచుకునేది. ఇక పంపు. గిన్నెలు తోముతూ, బస్సులో నిలబడి, దుప్పటి కప్పుకుని, ఆ రోజు అన్నవాటన్నిటికీ మనసులో జవాబులు చెప్పుకునేది. ఒక్కో జవాబునీ మూడు నాలుగు రకాలుగా దిద్దేది. అన్నీ తోడి పోస్తేగాని నిద్ర పట్టేది కాదు. చివరిది ఆ చోటు మార్చుకోవడం. 'గొడ్రాలు' అన్న మాట మొదటిసారి తగిలిన చోట ఇప్పుడు ఏమీ లేదు. ఆ మాట వస్తుంది, పట్టుకోవడానికి ఏమీ దొరక్క జారిపోతుంది. ఆ చోటుని ఎప్పుడు మార్చేసుకుందో గుర్తులేదు. దాంతోపాటు అక్కడ ఇంకేవి ఉండేవో, అవీ పోయాయేమోనని మొదటిసారి అనిపించింది.

మర్నాడు భర్త లోపలికి వచ్చాడు. మధ్య జాగాలో గౌను ముడి వేసుకోవడానికి అతను పడ్డ తిప్పలు ఆమె అద్దంలోంచి చూసింది. ఒక గ్లౌజు చిరిగింది, ఇంకోటి తీసుకున్నాడు. చివరికి చెమటలు కక్కుతూ వచ్చి మంచం పక్కన నిలబడి, "ఇంట్లో నీకోసం ఒక పెద్ద చిట్టానే ఉందోయ్, ఒక్కొక్కటే చెబుతా, ఎక్కడున్నాయో చెప్పెయ్" అని జేబు కోసం తడుముకున్నాడు. చిట్టా ఫోనులో ఉంది. ఫోను చొక్కా జేబులో ఉంది. చొక్కా గౌను కింద ఉంది. గౌను విప్పితే బయటికి పోవాలి. అతను రెండు చేతులూ గాలిలో పెట్టుకుని, ఎవరో తుపాకీ చూపించినట్టు అలాగే నిలబడిపోయాడు.

"ఒక్కటీ గుర్తు లేదా?" అని అడిగింది ఆమె.

"ఒక్కటీ గుర్తు లేదు" అన్నాడు, తనే ఆశ్చర్యపోతూ.

వచ్చిన శ్రమంతా వృథా పోవడం ఇష్టం లేక కుర్చీలో కూర్చున్నాడు. గదిలో చూడటానికి ఆమె తప్ప ఏమీ లేదు. ఆమెనే చూశాడు. ఎముకలు తేలిన మణికట్టుని, సూది గుచ్చిన చోట నల్లబడిన చర్మాన్ని చూశాడు. చాలాసేపటికి, "బాగా నొప్పిగా ఉందా?" అని అడిగాడు. ఏ పనీ అంటుకుని లేని ప్రశ్న. ఆమె 'ఉంది' అన్నట్టు తల ఊపింది. అతను గ్లౌజు వేసుకున్న చెయ్యి ఆమె చేతి మీద పెట్టి, ఏం చెయ్యాలో తెలియక, ఊరికే ఉంచాడు. అతను చెడ్డవాడు కాదని ఆమెకి ఎప్పుడూ తెలుసు. ఆగడం అలవాటు లేనివాడు, అంతే. ఆ పూట అతన్ని ఆపిన పసుపుపచ్చ గుడ్డకి ఆమె మనసులోనే కృతజ్ఞతలు చెప్పుకుంది.

పాత మందు ఒకటి, మూత్రపిండాల్ని దెబ్బతీస్తుందని ఎప్పుడో పక్కన పెట్టేసినది, మళ్లీ బయటికి తీశారు. రోజూ రక్తం పరీక్ష చేస్తూ, భయం భయంగా ఎక్కించారు. మెల్లగా జ్వరం దిగింది. గాయం గులాబీ రంగుకి వచ్చింది. డాక్టరమ్మ ఆ కబురు చెప్పడానికి తనే వచ్చి, వెళ్లబోతూ ఆగి, "మీరు మొన్న అడిగిన దాంట్లో ఒకటి చెప్పలేదు" అంది. "ఆ విద్యలేవీ ఊరికే రావండీ. పంపు నడవాలంటే బలం కావాలి. కత్తెరలు తయారుచెయ్యాలన్నా అంతే. సందులు మూసుకుంటే మందుతోపాటు తిండీ ఆగిపోతుంది. అందుకే మందు లేని చోట పెంచితే, ఈ మొండి క్రిములు చాలాసార్లు మామూలువాటి కన్నా నెమ్మదిగా పెరుగుతాయి. కొన్నయితే కొన్ని తరాలకి ఆ ఉంగరాన్నే వదిలేస్తాయి."

"వదిలేస్తాయా?"

"అన్నీ కాదు. కొన్ని. మొయ్యాలంటే బరువు కదండీ."

ఆ మాట విన్నాక ఆమె చాలాసేపు కదలకుండా పడుకుంది. గదిలో ఏదో లేదని వచ్చినప్పటి నుంచీ అనిపిస్తోంది. అదేమిటో ఇప్పుడు తెలిసింది. ఈ గదిలోకి వచ్చాక ఆమె ఎవరికీ మనసులో జవాబు చెప్పలేదు. ఒక్క వాక్యం కూడా దిద్దలేదు. పంపు ఎప్పుడు ఆగిపోయిందో గమనించనేలేదు. ఇన్నేళ్లూ అది తన ఓర్పు అనుకుంది, తన బలం అనుకుంది. ఆడపడుచు కూడా "మా వదినకి చాలా ఓపికండీ" అని అందరికీ గొప్పగా చెప్పేది. ఆ ఓపికకి తన ఒంట్లోంచి ఎంత పోతోందో ఎవరూ చూడలేదు, తను కూడా. మిగిలిన బలంతో ఏమేం చేసి ఉండేదో! కన్నీళ్లొచ్చాయి, దుఃఖంతో కాదు. ఎవరో నెత్తి మీద బరువు దించి, 'కాసేపు కూర్చోమ్మా' అన్నట్టు ఉంది. తనని చంపబోయిన ఆ కంటికి కనపడని ప్రాణికి కూడా మనసులో దండం పెట్టుకుంది. పంతం లేనిది, పగ లేనిది, తనని తీసుకొచ్చి ఇంత నిశ్శబ్దంలో కూర్చోబెట్టింది.

అత్తగారు లోపలికి వచ్చింది ఆ తర్వాతే. "ఈ వయసులో నాకు గౌను తొడిగారే అమ్మాయ్" అంటూ వచ్చారు. సింకు మీద నీటి మరకలు కనపడగానే తుడవబోయారు. గుమ్మంలోంచి నర్సు, "పెద్దమ్మగారూ, ఏమీ ముట్టుకోకూడదు, కూర్చోండి" అంది. ఆవిడ కూర్చున్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపు గాలిలో ఉంచారు, కాసేపు మోకాళ్ల మీద పెట్టారు. చివరికి ఒళ్లో పెట్టుకున్నారు.

"బయట చప్పుడేదీ వినపడదా నీకు?"

"వినపడదు అత్తయ్యా."

"ఎవరూ పిలవరా?"

"పిలవాలంటే గౌను వేసుకోవాలిగా."

అత్తగారు కుర్చీలో వెనక్కి వాలారు. కిటికీలోంచి వెలుతురు ఆవిడ ఒళ్లో పడుతోంది. మాటల మధ్యలోనే కళ్లు మూతలు పడ్డాయి, తల పక్కకి వాలింది, చిన్నగా గురక మొదలైంది. కోడలు ఆ చేతులవైపు చూసింది. ఆ చేతులు పనిలేకుండా ఉండగా ఆమె ఎన్నడూ చూడలేదు. బియ్యం ఏరుతూనో, గుడ్డలు మడుస్తూనో, ఎవరినో వేలెత్తి చూపిస్తూనో ఉండేవి. ఆవిడకి ఇన్నేళ్లలో వేసుకోవడానికి ఒక్క తలుపైనా ఉందా? ఎవరు చెప్పారో ఆవిడకి ఆ మాటలన్నీ, ఏ అత్తగారు కాపీ తీసి చేతిలో పెట్టారో. లేపబుద్ధి కాలేదు. నర్సు తొంగిచూస్తే వేలు పెదవి మీద పెట్టి సైగ చేసింది. నిద్ర లేచాక అత్తగారు సిగ్గుపడి, "ఏంటో, కళ్లు కాస్త మూతపడ్డాయి" అని, తలుపు దాకా వెళ్లి, గది మొత్తాన్ని ఒకసారి తిరిగి చూసి వెళ్లారు.

ఇంటికి పంపించే ముందురోజు డాక్టరమ్మ వచ్చి అసలు విషయం చెప్పింది. జబ్బు తగ్గింది. కానీ ఆ క్రిమి పేగుల్లో కొన్నాళ్లు ఊరికే పడి ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు ఆరోగ్యంగా ఉన్నారు కాబట్టి భయం లేదు. సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. వేరే గది అక్కర్లేదు, గౌన్లు అక్కర్లేదు. మళ్లీ ఏ ఆసుపత్రికైనా వెళ్తే మాత్రం ఈ సంగతి చెప్పాలి. "రేపు మీవాళ్లకి వివరంగా చెబుతాను."

"చెప్పకపోతే?" అంది ఆమె.

"అంటే?"

"కొన్నాళ్లు వేరే గదిలోనే ఉంచాలని, దగ్గరికి రాకూడదని చెబితే?" ఇంత చిన్న కోరిక కోరడానికి ఇంత పెద్ద జబ్బు కావాల్సి వచ్చింది.

డాక్టరమ్మ కళ్లలో నవ్వు లేదు. అర్థమైందనే అనిపించింది. "వాళ్లు ఒప్పుకుంటారు. భయపడి ఒప్పుకుంటారు. మీ గ్లాసు వేరే పెడతారు, కంచం వేరే పెడతారు. మీరు ముట్టుకున్న తలుపు గడియ తుడుస్తారు. ఇలాంటివాళ్లని చాలామందిని చూశానండీ. ఆ భయం మాత్రం ఏ మందుకీ పోదు." మాస్కు సర్దుకుంది. "నేను అబద్ధం చెప్పలేను. కానీ రేపు ముందు నేను నోరు విప్పను. ఏం చెబుతారో మీరే చెప్పండి."

మర్నాడు పొద్దున్న తలుపు మీద అతికించిన హెచ్చరిక కాగితాన్ని నర్సు పీకేసింది. రెండు తలుపులూ బార్లా తెరిచారు. వరండాలోని రొదంతా ఒక్కసారి లోపలికి వచ్చింది. గౌను లేకుండా గుమ్మంలో నిలబడటం భర్తకి ఇబ్బందిగా ఉన్నట్టుంది, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఇంట్లో కూడా ఈ గౌన్లూ గ్లౌజులూ కొనాలా డాక్టరుగారూ?"

డాక్టరమ్మ ఆమెవైపు చూసి ఊరుకుంది. అత్తగారు, తనకే తెలియకుండా, అరడుగు వెనక్కి వేశారు. ఆ అరడుగుని కోడలు చూసింది. అబద్ధం నోటి దాకా వచ్చి ఉంది. ఒక్క మాట చాలు, రేపటి నుంచి ఎవరూ పిలవరు. కానీ వెనక్కి జరిగిన ఆ పాదం, పట్టీ వదులైన పాత చెప్పులోంచి సగం బయటికి జారింది. ఒళ్లో చేతులు పెట్టుకుని తన ముందు నిద్రపోయిన మనిషి, ఇకమీద తన గ్లాసు చూసి భయపడుతుంది. తను కోరింది అది కాదు.

"అక్కర్లేదండీ" అంది. "చేతులు కడుక్కుంటే చాలట. నా దగ్గర కూర్చోవచ్చు, ముట్టుకోవచ్చు, నా కంచంలో తినొచ్చు. భయమేమీ లేదు."

డాక్టరమ్మ తల ఊపింది. అత్తగారు ముందుకొచ్చి, గ్లౌజు లేని చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి గరుగ్గా, వెచ్చగా ఉంది.

"హమ్మయ్య" అన్నాడు భర్త, సంచీ భుజానికి తగిలించుకుంటూ. "అయితే ఇక అన్నీ మామూలేనన్నమాట."

"కాదు" అంది ఆమె. గొంతు పెంచలేదు. అత్తగారి చెయ్యీ వదల్లేదు. "ఇంట్లో పక్కగదిలో అట్టపెట్టెలు ఉన్నాయి కదా, అవి తీసేద్దాం. ఆఫీసు నుంచి వచ్చాక కాసేపు నేను ఆ గదిలో ఉంటాను. తలుపు వేసి ఉంటుంది. అత్తయ్యకి ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆవిడా వేసుకుంటారు."

"అదేంటోయ్? రోగం లేదని ఇప్పుడే కదా అన్నావు?"

"లేదు కాబట్టే అడుగుతున్నాను. ఇన్నాళ్లూ మీరు నా గుమ్మం దగ్గర జబ్బుకి భయపడి ఆగారు. ఇక భయపడక్కర్లేదు. లోపల మనిషి ఉందని ఆగండి."